మేనమామ కళ్ళ కింద సంచులు

నా కళ్ళ కింద సంచులు నాకంటే ఓ అరగంట ముందే నిద్ర లేస్తాయి. నేను ఆవలించుకుంటూ అద్దం ముందుకు వచ్చేసరికి అవి అప్పటికే తలస్నానం చేసి, పలహారం ముగించి, పొట్ట నిమురుకుంటూ కూర్చున్నట్టు నిండుగా కనిపిస్తాయి. డోన్‌లో సున్నం, రంగుల అంగడి పెట్టుకుని బతికే మనిషికి ముఖం అంత అవసరమైన సరుకు కాదు. గిరాకీ చూసేది గోడ వైపే. అందుకని యాభై దాటేదాకా నేను వాటి జోలికి పోలేదు, అవి నా జోలికి రాలేదు.

మా నాయనకు ఉండేవి. మా జేజినాయనకూ ఉండేవట. మా వంశంలో మెట్టపొలం పంచుకునేటప్పుడు కర్రలు లేచాయి, బావి పంచుకునేటప్పుడు తలలు పగిలాయి. ఈ సంచులు పంచుకునేటప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తలేదు. మగపిల్లలందరికీ కంటికొకటి చొప్పున సక్రమంగా వచ్చాయి. నా వాటా కొంచెం పెద్దది. ఒక్కోదానిలో పడెడు జొన్నలు పోసి మూతి కుట్టి మార్కెట్టుకు తోలవచ్చు.

పోయిన సంవత్సరం ఎండలు ముదురుతున్న రోజుల్లో రాయచోటి నుంచి మా అక్క ఫోన్ చేసింది. మా అక్క మాట్లాడితే నిజానికి ఫోన్ అక్కర్లేదు, రెండు వైపులా కిటికీలు తెరిస్తే చాలు.

“రేయ్, నిజం చెప్పు. నీకేమన్నా అలవాటుండాదా?”

“టీ ఉండాదిక్కా.”

“టీ కాదురా. సాయంత్రం పూట తాగేది.”

“సాయంత్రం గూడా టీనే. వానొస్తే ఇంగోటి.”

“నవ్వులాట కాదు. ఈడ మా కొంపకు నిప్పంటుకోనుండాది.”

నిప్పు సంగతి ఇది. మా అక్క కూతురు, అంటే నా మేనకోడలు, పశువుల డాక్టరు. రాయచోటి చుట్టుపక్కల గొడ్లన్నీ ఆ పిల్లను చూస్తే తోక దాచుకుంటాయి. ఆ పిల్లకు కోయిలకుంట్ల అబ్బాయి ఒకడు నచ్చాడు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఆ అబ్బాయికీ ఈ పిల్ల నచ్చింది. పెద్దవాళ్ళు ఒకరి ఇంటికి ఒకరు పోయి, కాఫీలు తాగి, గోత్రాలు అడిగి, సరేననుకున్నారు. ఇక వక్కాకు మార్చుకోవడమే తరువాయి. మా వైపు వక్కా, ఆకూ చేతులు మారితేనే పెళ్ళి ఖాయమైనట్టు. ఆ పళ్ళెం అబ్బాయి తరఫువాళ్ళు అందిస్తే, ఆడపిల్ల తరఫున ముందు చెయ్యి చాపి అందుకోవలసినవాడు మేనమామ. అంటే నేను. అంటే నేనూ, నా సంచులూ.

ఆ మధ్య మా బంధువుల గృహప్రవేశంలో ఎవరో నా ఫోటో తీసి కుటుంబమంతా ఉన్న గ్రూపులో పెట్టారు. అది ఊళ్ళు తిరిగి తిరిగి కోయిలకుంట్ల చేరింది. అబ్బాయి నాయన దాన్ని చూసి, “పాప మేనమామ ఈయనేనా? కండ్లేమి అట్లుండాయి?” అని మా బావను అడిగాడట. మర్నాడే ఇంకో కబురు వచ్చింది. అబ్బాయి అవ్వ, అంటే వాళ్ళ నాయనకు తల్లి, ఆ ఇంటికి ఆమె మాటే శాసనం. వక్కాకు మార్చుకునే ముందు ఆ మేనమామ ముఖాన్ని తాను దగ్గరగా చూడాలని ఆమె చెప్పిందట.

“ఆమెకు తాగేటోళ్ళంటే గిట్టదురా. వాళ్ళింట్లో దగ్గుమందు గూడా వాసన చూసి గాని లోపలికి రానియ్యరంట. నీ కండ్లు చూసి అనుమానపడినారు,” అంది అక్క.

“అక్కా, నేను సోడా తాగినా తుమ్ముతా. నీకు తెల్దా?”

“నాకు తెలుసు. నీ సంచులకు తెల్దు కదా.”

ఈలోగా మేనకోడలు ఫోన్ లాక్కుంది. “మామా, నేను కొమ్ములిసిరే ఎనుముల దగ్గరికి గూడా జంకకుండా పోయేదాన్ని. కానీ ఈ అబ్బాయి నాకు నిజంగా నచ్చినాడు. ఏమన్నా చెయ్యి మామా. ఆ ఉబ్బు కొంచెం దించుకో.”

పుట్టిన నాటి నుంచి ఆ పిల్ల నన్ను ఏదీ అడగలేదు, అడగకుండానే నా జేబులోంచి తీసుకునే రకం. అలాంటిది అడిగింది. వక్కాకు ఉగాది దాటిన గురువారానికి పెట్టుకున్నారు. నేను ఫోన్ పెట్టేసి, ఇంట్లోకి పోయి, మా ఆవిడ ముందు వెలుతురులో ముఖం పెట్టి నిలబడ్డాను.

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా ముఖాన్ని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. “ఏమప్పా, ఇవి ఇంత ఉండాయా? నేను ఇన్నాళ్ళూ నీడ అనుకుంటి,” అంది.

వైద్యం ఆ క్షణం నుంచే మొదలైంది. మొదట చల్లటి చెంచాలు. ఇంట్లో ఉన్న స్టీలు చెంచాలన్నింటినీ ఆమె ఫ్రిజ్జులో పెట్టింది. పొద్దున లేవగానే ఒక్కోటి తీసి, వీపు తిప్పి, కంటి కింద అద్దుకోవాలి. మంచి పద్ధతే. చల్లదనానికి ఉబ్బు కొంచెం లోపలికి ముడుచుకుంటుంది. కానీ డోన్ ఎండ సంగతి చెంచాకు తెలియదు. వంటింటి నుంచి వసారా దాకా వచ్చేలోపే అది పోపు వేసుకోవడానికి పనికొచ్చేంత వేడెక్కేది. పైగా ఇంట్లో ఎవరికి పెరుగన్నం తినాలన్నా చెంచా లేదు. అందరూ నా ముఖం చుట్టూ చేరి, నా కన్ను ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేవాళ్ళు.

తర్వాత టీ ఆకు. దారం కట్టిన చిన్న చిన్న టీ పొట్లాలను చల్లార్చి కళ్ళ మీద పెట్టుకోవాలని మా ఆవిడ ఎక్కడో విన్నది. మా ఇంట్లో పొట్లాలు యాడివి? పొద్దున మరిగిన టీ పొడిని పాత పంచె గుడ్డలో మూటగట్టి, చల్లటి నీళ్ళలో ముంచి, నా కళ్ళకు అతికించింది. హాయిగానే ఉంది. తీసి చూస్తే రెండు కళ్ళ చుట్టూ రెండు గోధుమరంగు చక్రాలు. ఎంత తోమినా పోలేదు. ఆ ముఖంతోనే అంగడికి పోయి కూర్చున్నాను. వెల్దుర్తి నుంచి వచ్చిన ఒక రైతు రంగుల అట్ట అంతా తిరగేసి, నా వైపు చాలాసేపు చూసి, చివరికి అడిగాడు.

“అన్నా, కాంపౌండు గోడకు నాకు ఆ రంగు కావాల.”

“యా రంగప్పా?”

“నీ కండ్ల చుట్టూ ఏసుకుండావే, అది. డబ్బా మీద ఏం పేరుండాది?”

దాని తర్వాత కీరకాయ వంతు. ఆదివారం మధ్యాహ్నం వసారాలో చాప పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, మా ఆవిడ రెండు కీరకాయ చక్రాలను నా కళ్ళ మీద పెట్టి లోపలికి పోయింది. నేను సుఖంగా ఉన్నాను. ఆ సుఖంలో పక్కింటి పెద్దాయన గేటు దగ్గర నుంచి తొంగి చూసిన సంగతి నాకు తెలియలేదు. నాకు తెలిసేసరికి వీధి వీధంతా మా వసారాలో ఉంది. ఒకరి చేతిలో బత్తాయిలు, ఒకరి చేతిలో రొట్టె పొట్లం.

“శుక్లాలు తీసినారా పాపం! మాకొక మాట చెప్పగూడదా?” అంది ఎవరో ఆడమనిషి.

“మాట్లాడిచ్చగాకండి, కన్ను అదురుతాది. నాకు తీసినప్పుడు వారం దినాలు నవ్వనియ్యలేదు,” అన్నాడు పెద్దాయన.

“పెద్దాయనా, ఇది ఆపరేషన్ కాదు. కీరకాయ,” అన్నాను నేను.

పెద్దాయన ఇంకా దగ్గరికి వంగాడు. “కీరకాయతో చేసినారా? కర్నూల్లో యా డాక్టరప్పా?”

కర్నూలు మాట వచ్చింది కదా అని ఆ వారం నిజంగానే కర్నూలు పోయి కళ్ళ డాక్టరును కలిశాను. ఆయన లైటు వేసి, రెప్ప విప్పి, చెంప నొక్కి చూసి, జబ్బేమీ లేదన్నాడు.

“మీ నాయనగారికి ఉండెనా ఇవి?”

“ఉండె సార్.”

“అయితే నన్నెందుకు అడుగుతారు, ఆయన్ను అడగాల.”

నవ్వి, నాలుగు మంచి మాటలు చెప్పాడు. వయసుతో కంటి కింద చర్మం వదులవుతుందట, నీరు అక్కడ చేరుతుందట. రాత్రి తిండిలో ఉప్పు తగ్గించమన్నాడు. తల కింద ఎత్తుగా పెట్టుకుని కంటినిండా నిద్రపొమ్మన్నాడు, పొద్దున చల్లటి గుడ్డ అద్దుకొమ్మన్నాడు. “మొత్తం పోతాయని ఆశపడొద్దు. తగ్గుతాయి,” అన్నాడు.

ఆ నాలుగు మాటల్లో మా ఆవిడకు ఉప్పు ఒక్కటే వినిపించింది. ఆ పూట నుంచి మా ఇంట్లో ఉప్పు డబ్బా బీరువా ఎక్కింది. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టేసింది. ఉప్పు లేని ఊరుబిండి పచ్చడి తిన్నవాళ్ళు ఈ భూమి మీద ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు, ఉంటే వాళ్ళ కాళ్ళకు దండం పెడతాను. మా సీమ తిండిలో కారం ఎప్పుడూ ఉప్పును వెంటబెట్టుకునే వస్తుంది. ఇప్పుడు కారం ఒంటరిగా వచ్చి నాలుక మీద కూర్చుని, నా జత యాడ అని నన్నే నిలదీసేది. దిండు మీద దిండు పెట్టి దాదాపు నిలబెట్టి నన్ను నిద్రపుచ్చారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. సంచులు తగ్గాయి. పడి జొన్నలు పట్టేవి అరపడికి దిగాయి. నేను మనిషిలా కనిపిస్తున్నానని అంగట్లో కూలివాళ్ళు కూడా అన్నారు.

ఆ అరపడి ముఖంతో, మా ఆవిడను వెంటబెట్టుకుని, బుధవారం రాయచోటి బస్సు దిగాను. మా అక్క కాళ్ళకు నీళ్ళు కూడా ఇవ్వకుండా నన్ను నట్టింట్లోంచి పెరట్లోకి లాక్కుపోయి ఎండలో నిలబెట్టి చూసింది.

“ఇంగా ఉండాయి కదరా!”

“సగం తగ్గినాయిక్కా.”

“అంటే సగం తాగుబోతు అనుకుంటారు. అంతే కదా?”

గురువారం పొద్దున్నే అక్క తన సొంత వైద్యం బయటికి తీసింది. పచ్చి ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప, పసరు కంటి కింద పూస్తే ఉబ్బు గంటలో దిగుతుందని ఎవరో చెప్పారట. నా మేనకోడలు తురుముతానని తురుముపీటా గిన్నే తీస్తుంటే అక్క ఒప్పుకోలేదు.

“తురిమితే ఏమొస్తాది, తుంపులొస్తాయి. రోట్లో రుబ్బితే పసరంతా దిగుతాది. గమ్మునుండు.”

ఇక్కడ ఆ రోలు గురించి చెప్పకపోతే జరిగినది అర్థం కాదు. మా అక్క అత్తగారి అత్తగారు ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆ రోలు పెరట్లో ముసలిదై ఉందట. మిక్సీ వచ్చినా, ఎర్రకారం మాత్రం అక్క ఇంకా దాంట్లోనే నూరుతుంది. ఎండు మిరపకాయలు, తెల్లగడ్డ, రోజూ. ఇన్ని తరాల కారం ఆ రాయి బొక్కబొక్కలో నిండి గట్టిపడింది. అది రాయి కాదు, కొంచెం రాయి కలిసిన మిరపకాయ. ఆ వీధిలో ఎండాకాలం గాలి అటు నుంచి వీస్తే దారిన పోయే కుక్కలు తుమ్ముతాయి. అక్క దాన్ని కడగకుండా ఏమీ లేదు. కడవలు కడవలు నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, మళ్ళీ పోసి, అప్పుడు ఉర్లగడ్డ వేసి మెత్తగా నూరింది. ఆ గుజ్జును నన్ను కూర్చోబెట్టి రెండు కళ్ళ కిందా దట్టంగా మెత్తింది.

మొదట చల్లగా ఉంది. “హాయిగుండాదిక్కా,” అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే రాయచోటి పక్కనున్న పాలకొండలన్నీ అంటుకుని నా చెంపల మీద కూలినట్టయింది. నేను లేచాను. ఎటు పోతున్నానో తెలియదు. పెరడు చుట్టూ, బావి చుట్టూ, తులసికోట చుట్టూ, గుడ్డలారేసిన తీగె కింద నుంచి, మా బావ మీద నుంచి పరిగెత్తాను. మా బావ పామనుకుని కర్ర పట్టుకుని నా వెనకాల పరిగెత్తాడు. మా ఆవిడ బావ చేతిలో కర్ర చూసి, ఆయన నన్నే కొట్టబోతున్నాడనుకుని ఆయన వెనకాల పరిగెత్తింది.

మమ్మల్నందరినీ ఆపింది నా మేనకోడలే. దూడను పట్టినట్టు నా మెడను చంకలో ఇరికించుకుని, తొట్టి దగ్గరికి ఈడ్చుకుపోయి, చెంబులతో చల్లటి నీళ్ళు కొట్టింది.

“అరవగాకు మామా. ఎద్దులు గూడా ఇంత అరవవు.”

“ఎద్దుకు ఎవరన్నా రోలు పూస్తారా పాపా!”

గుజ్జంతా పోయేదాకా కడిగి, చల్లటి పాలలో దూది ముంచి చెంపలకు అద్దింది. రెప్పలు విప్పి చూసి, కన్ను లోపల ఏమీ కాలేదని, చర్మమే మండిందని చెప్పింది. అక్క రోలు పక్కనే కూలబడి, “అన్ని నీళ్ళు పోస్తి కదరా, అన్ని నీళ్ళు పోస్తి కదరా,” అని అదే మాట తిరగేస్తోంది.

“మన మాండవ్య ఏట్లో ఏడాది నానబెట్టినా ఆ రోలు కారం వదలదు. కాకపోతే ఏట్లో నీళ్ళుండాల కదా,” అన్నాడు బావ ఆయాసపడుతూ.

అద్దం తెచ్చి చూపించారు. సంచులు కనపడలేదు. పోలేదు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాటి ఎత్తుకు ఎదిగాయి. నుదురు కింద నుంచి మీసం దాకా ఒకటే ఎర్రటి దిబ్బ. దాని మధ్యలో రెండు చీలికలు, ఆ చీలికల్లో ఎర్రటి దాసాని పూల లాంటి కళ్ళు, వాటి నుంచి ఆగకుండా నీళ్ళు. రాయచోటి సారాయి అంగళ్ళ ముందు కూడా అంత నిఖార్సయిన తాగుబోతు ముఖం దొరకదు.

“నల్లద్దాలు పెట్టుకుంటే?” అన్నాడు బావ.

“ఇంట్లో నల్లద్దాలు పెట్టుకోని కూర్చుంటే ఇంగేమన్నా అనుమానం మిగిలుంటే అది గూడా తీరిపోతాది,” అంది మా ఆవిడ.

“అద్దాలొద్దు, ఏమొద్దు. జరిగింది జరిగినట్టే చెప్తాం మామా,” అంది నా మేనకోడలు. ధైర్యంగానే అంది. కానీ కొత్త చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. కొమ్ములిసిరే ఎనుముల దగ్గర వణకని చెయ్యి అది. దాన్ని చూశాక నా మంట నాకు గుర్తు లేదు.

ఎండ ఎక్కేవేళకు కారు వచ్చి ఆగింది. అబ్బాయి, వాళ్ళ అమ్మ, నాయన, చివరికి కర్ర పట్టుకుని అవ్వ దిగారు. ఇంత మనిషి. గాలి గట్టిగా వీస్తే కోయిలకుంట్ల నుంచి కారు లేకుండానే వచ్చి ఉండేది. లావాటి అద్దాలు పెట్టుకుంది. నమస్కారాలు, మంచినీళ్ళు, కూర్చోండి కూర్చోండి అనేవి ఏవీ ఆమెకు పట్టలేదు. నేరుగా నా ముందుకు వచ్చింది. కుర్చీ లాగించి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

“ఏదప్పా, మొగం పైకెత్తు.”

ఎత్తాను. చల్లటి వేళ్ళతో గడ్డం పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఓళిగల పళ్ళెం, నెయ్యి గిన్నె పట్టుకుని మా అక్క గడప దగ్గరే నిలబడిపోయింది. అబ్బాయి నాయన ఉండబట్టలేక, “ఏమి సామీ, కండ్లు ఇంతెర్రగుండాయి?” అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

“యాడప్పా అవి?”

“ఏవవ్వా?”

“పటంలో ఉండెనే, కండ్ల కింద సంచులు. యాడ పోయినాయి? అవి చూద్దామనే కదా ఇంత దూరం వస్తి.”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె నా గడ్డం వదలకుండానే చెప్పింది.

“మా ఆయనకు అచ్చం అట్లాటివే ఉండె. ఒక చుక్క ముట్టిన మనిషి కాదు. అయినా ఊరంతా తాగుబోతనే అనె. ఆయన ఉన్నన్నాళ్ళు నేను ఇంటింటికీ జవాబు చెప్పుకుంటా బతికితి. ఆయన పోయినాక మల్ల అట్లాటి కండ్లు యాడా కనపడకపాయ. కొడుక్కు నా మొగం వచ్చె, మనవనికి వాళ్ళమ్మ మొగం వచ్చె. మొన్న ఫోన్లో నీ పటం చూపిస్తే గుండెకాయ జల్లుమనె. దగ్గరగా ఒక తూరి చూసుకుందామని అంటి. ఈడకొచ్చి చూస్తే ఏమీ లేవు, అంతా దిబ్బ!”

“నేనూ అందుకే అడిగితి, కండ్లేమి అట్లుండాయని. మా నాయన గ్యాపకమొచ్చి,” అన్నాడు అబ్బాయి నాయన, మేమందరం ఎందుకు నోరు తెరుచుకుని చూస్తున్నామో తెలియక.

మా అక్క పళ్ళెం కింద పెట్టేసింది. నేను చెంచాల దగ్గర మొదలుపెట్టి, టీ మూట, కీరకాయ, వీధి తెచ్చిన బత్తాయిలు, ఉప్పు లేని ఊరుబిండి, రోలు, బావ కర్ర, అన్నీ చెప్పేశాను. అవ్వ నవ్వింది. మొదట భుజాలతో, తర్వాత కర్రతో, తర్వాత కుర్చీతో సహా నవ్వింది. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని మా అక్క వైపు తిరిగింది.

“కారం నూరే రోట్లో కంటికి మందు నూరతారంటమ్మా యాడన్నా? నీకు బుద్ధుండాదా?”

“లేదత్తా,” అంది మా అక్క. జీవితంలో అంత సంతోషంగా ఆమె ఎవరి చేతా తిట్లు తినలేదు.

వక్కాకు పళ్ళెం తెచ్చారు. అవ్వ తానే అందించింది, నేను చెయ్యి చాపి అందుకున్నాను. అందుకుంటూ ఉండగా నా మేనకోడలి చేతి వేలి నుంచి కొంగు జారిపోవడం చీలికల్లోంచి చూశాను. కానీ అవ్వ పళ్ళేన్ని ఇంకా వదల్లేదు.

“వక్కాకు అయితే ఇస్తాండా. ముహూర్తం మాత్రం ఇప్పుడు పెట్టేది లేదు. ఈయన కండ్లు మల్ల మామూలు కావాల. నేను చూడాల. ఆ పొద్దే ముహూర్తం.”

అందరం నవ్వాం. అబ్బాయి తల్లి మాత్రం నవ్వలేదు. మా అక్క చెవిలో, “మా అత్త నవ్వులాటకు చెప్పదు వదినా,” అంది.

డోన్‌కు తిరిగొచ్చాక వాపు నాలుగైదు రోజుల్లో దిగింది. దిగి చూస్తే నా సంచులు నిజంగానే చిన్నవైపోయి ఉన్నాయి. డాక్టరు మాట నిజమైంది. తాతలనాటి ఆస్తి ఇలా చేతులారా కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అక్క రోజూ ఫోన్.

“వచ్చినాయా?”

“ఇంగా లేదక్కా. కుడిదాంట్లో కొంచెం కదలిక ఉండాది.”

“ఏం మనిషివిరా నువ్వు! ఉండమన్నప్పుడు ఉండవు, పొమ్మన్నప్పుడు పోవు.”

మా ఆవిడ ఉప్పు డబ్బాను బీరువా మీద నుంచి దించింది. ఊరగాయ జాడీ గుడ్డ విప్పింది. రాత్రిపూట అప్పడాలు, ఉప్పు మిరపకాయలు, ఉప్పు వేసి వేయించిన చెనిక్కాయలు నా ముందు పెట్టి, “దినామూ కొంచెం తినప్పా, పాప పెండ్లి,” అని బతిమాలేది. దిండ్లన్నీ లాగేసి బోర్లా పడుకోమంది. లోకంలో ఇంత రుచికరమైన వైద్యం ఇంకోటి లేదు. ఒక పొద్దున నేను అద్దం ముందుకు వచ్చేసరికి అవి నాకంటే ముందే వచ్చి నిండుగా కూర్చున్నాయి. మా ఆవిడ వెలుతురులో చూసి, కొలిచి, తృప్తిగా తల ఊపి, అక్కకు ఫోన్ కలిపింది.

ఆ ఆదివారమే నేనూ మేనకోడలూ కోయిలకుంట్ల పోయాం. అబ్బాయి బస్టాండుకు వచ్చి తీసుకుపోయాడు. అవ్వ వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. నేను కింద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, అడగకముందే ముఖం పైకెత్తాను. ఆమె అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. రెండు బొటనవేళ్ళను నా కళ్ళ కింద ఆనించి, మామిడిపండు మాగిందో లేదో చూసినంత మెల్లగా ఒత్తింది.

“ఎడమది ఆయనకు ఇంగ కొంచెం జారి ఉండె,” అంది చివరికి.

“వస్తాదిలే అవ్వా. నాకూ వయసు రానీ.”

ఆమె తల లోపలికి తిప్పి కేకేసింది. “రేయ్, స్వామికి ఫోన్ చెయ్యి. పంచాంగం తీసుకోని రమ్మను.”

గడప దగ్గర నా మేనకోడలు, ఆ అబ్బాయి ఒకరినొకరు చూసుకుని చప్పున తలలు దించుకున్నారు. నేను లేవబోయాను. అవ్వ బొటనవేళ్ళు తీయలేదు.

“ఇంగ కొంచేపు ఉండప్పా,” అంది.

కూర్చున్నాను.